పుస్తకం అంచున పెన్సిలు

పుస్తకానికి కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకోవాలని మా నాయనమ్మ నేర్పింది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంట్లో పుస్తకాలన్నీ సరస్వతి పటం ముందు పేర్చి, అట్టలకి పసుపూ కుంకుమా అద్ది, ఆ పూట వాటిని ముట్టుకోనిచ్చేది కాదు. అదే నాయనమ్మ రోజూ పారాయణ చేసుకునే భాగవతం తెరిస్తే లోపలి అట్ట మీద మా నాన్న పుట్టిన తిథి, వారం, నక్షత్రం రాసి ఉండేవి. దాని కింద మేనత్త పెళ్ళి లగ్నం. వెనక ఖాళీ కాగితం మీద ఏదో ఒక ఏటి వడ్ల లెక్క. గజేంద్రమోక్షం దగ్గర పేజీ పక్కన నిలువుగా సన్నటి పెన్సిలు గీత, ఆ గీత పక్కన తాతయ్య చేతిరాతలో ఒక్కటే మాట: ‘మళ్ళీ’.

పుస్తకంలో రాయొచ్చా, రాయకూడదా? ఈ ప్రశ్న వేస్తే చదివేవాళ్ళు వెంటనే రెండు జట్లుగా చీలిపోతారు. కొత్త పుస్తకం మీద పెన్ను గీత కనిపిస్తే ఒంటి మీద వాత పడ్డట్టు బాధపడేవాళ్ళు ఒక జట్టు. చేతిలో పెన్సిలు లేకపోతే చదివినట్టే అనిపించనివాళ్ళు రెండో జట్టు. అమెరికా వ్యాసకర్త యాన్ ఫాడిమన్ 1998లో వచ్చిన ‘ఎక్స్ లిబ్రిస్’లో దీన్ని రెండు రకాల ప్రేమగా చెప్పింది. దూరం నుంచి ఆరాధించే ప్రేమ ఒకటి, దగ్గరికి లాక్కుని నలిపేసే ప్రేమ ఒకటి. చక్కటి విభజనే. కానీ మా ఇంటి భాగవతం ఆ రెండింటిలో ఎందులోనూ ఇమడదు. కళ్ళకద్దుకున్నదీ ఆ పుస్తకాన్నే, లెక్కలు రాసుకున్నదీ ఆ పుస్తకంలోనే. భక్తికీ రాతకీ పేచీ ఉందన్న ఆలోచన మా తాతయ్యకి వచ్చి ఉంటుందని నేననుకోను. ఆ పేచీ ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైందన్నది చూడకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టం.

తాటాకుల కాలం నుంచి మొదలుపెడదాం. ఆకు మీద గంటంతో రాయడమంటే గీరడం. గీరిన అక్షరం మొదట సరిగా కనబడదు. మసి పూసి తుడిస్తే ఆ గాట్లలో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఒకసారి గీరింది చెరిగిపోదు. రాసేవాడు ఒక మాట వదిలేస్తే, వదిలేసిన చోట చిన్న గుర్తు పెట్టి, ఆ మాటని పైనో కిందో పక్కనో ఉన్న కొద్దిపాటి ఖాళీలో గీరేవాడు. ఆ గుర్తుకి మనవాళ్ళు పెట్టిన పేరు హంసపాదు. హంస అడుగు పడిన చోట ఏదో తప్పిపోయిందని అర్థం. తప్పు దిద్దే గుర్తుకి ఇంత అందమైన పేరు పెట్టిన జాతికి పుస్తకంలో రాయడం అపచారంగా తోచి ఉండదు.

మూలం పక్కన రాసే రాతకి మన భాషలో ఉన్నన్ని పేర్లు చూడండి. టీక, టిప్పణి, వ్యాఖ్య, లఘుటీక, ప్రతిపదార్థం, తాత్పర్యం. ఒక్కొక్కటీ ఒక్కో రకం పని. టిప్పణి కష్టమైన మాట దగ్గర ఆగి చిన్నగా చెప్పేది. ప్రతిపదార్థం మాటమాటకీ చెయ్యి పట్టి నడిపించేది. మూలం చదవడమంటే మూలాన్ని ఇంకొకరి పక్కన కూర్చుని చదవడమే. కాళిదాసుని దేశమంతా ఈనాటికీ చదువుతున్నది ఒక తెలుగువాడి పక్కన కూర్చునే. ఇప్పటి మెదక్ జిల్లాలోని కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘసందేశానికీ రాసిన సంజీవని లేకుండా సంస్కృతం చదువుకున్నవాళ్ళు అరుదు. కిరాతార్జునీయానికి ఆయన వ్యాఖ్య ఘంటాపథం, శిశుపాలవధకి సర్వంకష. ఆయన తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. పుస్తకం పక్కన పెన్సిలు పెట్టుకునే ప్రతివాడికీ ఇంతకంటే మంచి నియమం నాకు దొరకలేదు.

ఆ కాలపు లేఖకులు పుస్తకాన్ని తేలిగ్గా చూశారనుకుంటే పొరపాటు. రాతప్రతి చివర వాళ్ళు రాసుకునే శ్లోకాలున్నాయి. వీపూ నడుమూ మెడా విరిగేలా వంగి, చూపు నిలిపి, కష్టపడి రాశాను, దీన్ని బిడ్డలా కాపాడండి అని ఒకటి. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని పుస్తకమే మొర పెట్టుకుంటున్నట్టు ఇంకొకటి. ఆ జాబితాలో నూనె ఉంది, నీళ్ళున్నాయి, మూర్ఖుడున్నాడు. రాసేవాడు లేడు. నాకిది చిన్న విషయంగా కనబడదు. పుస్తకానికి శత్రువులెవరో బాగా ఎరిగినవాళ్ళు రాసుకున్న జాబితా అది.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. యూదుల తాల్ముద్ పుటని చూస్తే నడిమధ్యలో మూలం చిన్న ద్వీపంలా ఉంటుంది, చుట్టూ రాశీ వంటి పండితుల వ్యాఖ్యలు. 1520ల్లో వెనిస్‌లో బాంబర్గ్ అచ్చు వేసిన పుట అమరికే ఈనాటికీ నిలిచింది. అక్కడ అంచు రాతలకీ మూలానికీ మర్యాదలో తేడా లేదు. పిల్లవాడు చదువుకునేదే ఆ రెండింటి మధ్య వాదన.

అయితే పక్కన రాసిన రాతకి ఒక ప్రమాదం ఉంది. పుస్తకంలో రాయకూడదనేవాళ్ళ వాదనల్లో నేను మారు మాట్లాడలేనిది ఇదొక్కటే. చేతిరాత కాలంలో ఒకరు అంచున రాసుకున్నది తర్వాత నకలు తీసేవాడికి మూలమో, వదిలిపోయిన ముక్కో తెలియదు. హంసపాదు ఉన్నా లేకపోయినా తీసుకెళ్ళి లోపల కలిపేస్తాడు. మరో రెండు నకళ్ళు అయ్యేసరికి అది కవి మాటే అయిపోతుంది. మన పండితులు ప్రక్షిప్తాలని పిలిచేవాటిలో కావాలని చేర్చినవీ ఉన్నాయి, ఇలా జారిపడినవీ ఉన్నాయి. బైబిల్లో యోహాను మొదటి పత్రికలో త్రిత్వాన్ని చెప్పే వాక్యం ఒకటి లాటిన్ ప్రతిలో ఎవరో అంచున రాసుకున్న వివరణ లోపలికి జారడం వల్ల వచ్చిందని పండితులు తేల్చారు. పండితుడు ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధన 1516, 1519 ముద్రణల్లో దాన్ని వదిలేశాడు, పెద్ద గొడవయ్యాక 1522లో చేర్చాడు. పేరు లేని ఒక చదువరి కలం కదిపినందుకు శతాబ్దాల పాటు మత పండితులు పోట్లాడుకున్నారు.

మన వైపు ఈ చిక్కుని విడదీయడానికి జీవితం ధారపోసినవాళ్ళలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. కడపలో సొంత డబ్బుతో పండితులని పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, పాఠాంతరాలు గుర్తింపజేసి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆయన చేయించిన పనిలో సగం అంచుల పనే. ఏ ప్రతిలో ఏ మాట ఉంది, ఏది తర్వాత చేరింది అని పక్కన గుర్తు పెట్టడమే. అంచు రాత తెచ్చిన జబ్బుకి మందు కూడా అంచు రాతలోనే దొరికింది.

ఇప్పుడు యూరప్ వైపు ఒకసారి చూడాలి. ఎందుకంటే ఈ విషయం మీద ఎక్కువ తిట్లూ, ఎక్కువ పొగడ్తలూ అక్కడే పుట్టాయి. ఇంగ్లండ్‌లో డర్హమ్ బిషప్పు రిచర్డ్ డి బరీ 1345 ప్రాంతంలో పూర్తిచేసిన ‘ఫిలోబిబ్లన్’లో పుస్తకాన్ని పాడుచేసే కుర్ర విద్యార్థుల మీద విరుచుకుపడ్డాడు. మట్టి గోళ్ళతో గుర్తులు పెట్టేవాళ్ళు, పేజీ మీద తినేవాళ్ళు, రాయడం కొత్తగా నేర్చుకుని ఖాళీ అంచు కనిపిస్తే చాలు అక్షరాలు గీసేవాళ్ళు. ఆ కాలంలో ఒక పుస్తకమంటే ఎన్నో జంతువుల చర్మం, ఎన్నో నెలల చెయ్యి. ఆ కోపం న్యాయమే. కానీ అదే కాలంలో, ఆ తర్వాత కాలంలో చదువుకున్నవాళ్ళు అంచున వేలు చూపించే చిన్న చెయ్యి బొమ్మ వేసి ముఖ్యమైన చోటు గుర్తుపెట్టుకునేవాళ్ళు. కొందరు వేసిన చేతులకి చొక్కా కఫ్, మడతలు కూడా ఉంటాయి. ఆ బొమ్మని బట్టే ఆ పుస్తకం ఎవరిదో పోల్చిన సందర్భాలున్నాయి.

అంచు రాతల్లో లోకమంతా ఎరిగినది ఫ్రెంచి గణితవేత్త ఫెర్మాది. డయోఫాంటస్ ‘అరిథ్మెటికా’కి బషే వేసిన 1621 నాటి ప్రతిలో, 1637 ప్రాంతంలో, ఒక సిద్ధాంతం రాసి, దీనికి అద్భుతమైన నిరూపణ నా దగ్గరుంది గానీ ఈ అంచు చాలదని రాసిపెట్టాడు. ఆయన పోయాక కొడుకు శామ్యూల్ 1670లో తండ్రి రాతలతో సహా ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేశాడు. ఫెర్మా చేతిరాత ఉన్న అసలు ప్రతి తర్వాత ఎక్కడా దొరకలేదు. నిరూపణ కోసం లోకం 350 ఏళ్ళు ఆగింది. 1994లో ఆండ్రూ వైల్స్ పూర్తిచేశాడు, 1995లో అచ్చయింది. నన్ను పట్టుకునేది గణితం కాదు, ఆ కొడుకు. నాన్న పుస్తకాన్ని పాడుచేశాడనుకుని పక్కన పెట్టి ఉంటే?

ఇంగ్లీషు కవి కోల్రిజ్ సంగతి ఇంకో రకం. స్నేహితులు తమ పుస్తకాలు తామే తెచ్చి ఆయనకిచ్చి, రాసి ఇమ్మని అడిగేవాళ్ళు. ఆయన తిరిగిచ్చిన పుస్తకం వడ్డీతో సహా వచ్చినట్టేనని చార్లెస్ లామ్ వ్యాసం రాశాడు. ఇతరుల పుస్తకాల అంచుల్లో ఆయన రాసినవన్నీ పోగుచేస్తే ప్రిన్‌స్టన్ ముద్రణలో ఆరు పెద్ద సంపుటాలయ్యాయి. అమెరికాలో ఎడ్గార్ అలన్ పో 1844 నుంచి తన అంచు రాతలనే పత్రికలో శీర్షికగా నడిపాడు. అంచు వెడల్పుగా ఉన్న పుస్తకాలే కొనేవాడట, చోటు చాలకపోతే చీటీ రాసి జిగురుతో అంటించేవాడట.

శాస్త్రవేత్తలు మరీ నిర్దాక్షిణ్యంగా ఉంటారు. న్యూటన్ పేజీ మూలని మడిచేవాడు, ఆ మడత కొస సరిగ్గా తనకి కావలసిన మాట మీద ఆనేలా. డార్విన్ బరువైన పుస్తకాన్ని పట్టుకోవడం కష్టమైతే రెండు ముక్కలుగా కోసేవాడు. చదువుతూ గీతలు పెట్టి, చివరి కాగితం మీద తన సొంత సూచిక రాసుకునేవాడు. ఆయన గ్రంథాలయంలో మిగిలిన 1,480 పుస్తకాల్లో 730 పుస్తకాల నిండా ఆయన రాతలున్నాయి. జీవజాతుల గురించి ఆయన ఏ వాక్యం దగ్గర ఆగాడో, ఎక్కడ ఒప్పుకోలేదో అక్కడ కనిపిస్తుంది. ఆయన పుస్తకాలకి మన నాయనమ్మలు నేర్పిన మర్యాద చేసి ఉంటే మనకి ఆ దారి తెలిసేది కాదు.

పందొమ్మిదో శతాబ్దంలో పాత పుస్తకాల వ్యాపారం పెరిగాక యూరప్‌లో గాలి మారింది. తెల్లగా, శుభ్రంగా ఉన్న ప్రతికే ధర. పాత పుస్తకాల కాగితాన్ని రసాయనాలతో కడిగి, పాత సిరా రాతలని పోగొట్టి, కొత్త అట్ట కట్టించేటప్పుడు అంచులు కత్తిరించి అమ్మేవాళ్ళు. రెండు మూడు వందల ఏళ్ళ చదువరులు అలా నీళ్ళలో కలిసిపోయారు. ఆ కడుగుడు తప్పించుకున్న పుస్తకాల విలువ ఇప్పుడు తెలుస్తోంది. ఫిలడెల్ఫియా పౌర గ్రంథాలయంలో 1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల తొలి సంకలనం ప్రతి ఒకటి 1944 నుంచీ ఉంది. దాని అంచుల్లో ఎవరో రాసిన దిద్దుబాట్లున్నాయి. క్లెయిర్ బోర్న్ అనే పరిశోధకురాలు వాటి గురించి వివరంగా రాసిన వ్యాసాన్ని కేంబ్రిడ్జ్‌లో జేసన్ స్కాట్-వారెన్ చదివి, బొమ్మల్లో ఆ చేతిరాతని చూసి, ఇది మిల్టన్‌దని 2019లో గుర్తుపట్టాడు. ఒక మహాకవి ఇంకో మహాకవిని చదువుతూ ఉండగా పక్కన నిలబడి చూసినట్టే అది.

ఇక మన దగ్గర ‘పుస్తకంలో రాయకూడదు’ అన్న మాట ఇంత గట్టిగా ఎప్పుడు పడింది? సరస్వతీ పూజ వల్ల కాదని నా నమ్మకం. అది గ్రంథాలయం వల్ల పడింది, లేమి వల్ల పడింది. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్ళు ఊరూరా తిరిగారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అంతకు ముందే 1901లో. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవలో పుస్తకాలు పంపించాడు. ఒక పుస్తకం పడవెక్కి ఇరవై ఊళ్ళు తిరగాలంటే, దాన్ని వంద చేతులు పట్టుకోవాలంటే, ఎవరూ దాన్ని సొంతం చేసుకోకూడదు. ‘పుస్తకములలో గీతలు గీయరాదు, కాగితములు చించరాదు’ అన్న బోర్డు వెనక ఉన్నది ఆ లెక్క. చదువు అందని ఇంటికి పుస్తకం చేర్చినవాళ్ళు పెట్టిన నియమమది. దాని ముందు నేను తల వంచుతాను.

గ్రంథాలయశాస్త్రానికి దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాసినప్పుడు, పుస్తకం ఉన్నది వాడటానికని మొదటి సూత్రంగా పెట్టారు. బీరువాలో తాళం వేసి దాచే అలవాటు మీద దెబ్బ అది. అంచు రాతల అభిమానులు కొందరు ఈ సూత్రాన్ని తమ వైపు లాగుతారు. నాకు ఒప్పుదల కాదు. వాడటమంటే నా ఒక్కడి వాడకం కాదు. జిల్లా గ్రంథాలయంలో ఒకసారి డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే, నలభయ్యో పేజీలో హంతకుడి పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పోటీ పరీక్షలకి చదువుకుంటున్న ఒక అమ్మాయి, తెచ్చుకున్న పుస్తకంలో కావలసిన ఇరవై పేజీలే కోసేసి ఉన్నాయని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గీతకీ కోతకీ ఎంతో దూరం లేదు. పదిమంది పుస్తకాన్ని నాది అనుకోవడంతోనే రెండూ మొదలవుతాయి. లండన్‌లో నాటక రచయిత జో ఆర్టన్, అతని స్నేహితుడు హాలివెల్ ఇజ్లింగ్టన్ గ్రంథాలయం పుస్తకాల అట్టలని మార్చేసి బొమ్మలంటించినందుకు 1962లో ఆరు నెలలు జైలుకి వెళ్ళారు. ఇప్పుడు ఆ అట్టలనే అక్కడివాళ్ళు అపురూపంగా ప్రదర్శనకి పెడుతున్నారు. ఆ కథ చెప్పి మన గ్రంథాలయాల్లో గీతలకి అనుమతి అడిగేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక్క ఆర్టన్ కోసం వేలమంది చదువరులు చిరిగిన పేజీలు భరించనక్కర్లేదు.

బడి పుస్తకాల దారి వేరు. ఏటేటా పై క్లాసువాళ్ళ దగ్గర సగం ధరకి పుస్తకాలు కొనుక్కున్న తరం మాది. అట్ట లోపల ముగ్గురి పేర్లు వరసగా కొట్టేసి ఉండేవి. ‘నా పేరు కావాలంటే 25వ పేజీ చూడు’ అని రాసి ఉంటే ఆ పేజీకి వెళ్ళాలి, అక్కణ్ణుంచి ఇంకో పేజీకి, చివరికి చివరి అట్టకి. పద్యభాగంలో వరసల మధ్య చీమల్లా అర్థాలు. సాంఘికశాస్త్రంలో ‘ఇంపార్టెంట్’ అని రెండు గీతలు, పక్కన ఎన్ని మార్కుల ప్రశ్నో అంకె. బాగా చదివే పిల్లవాడి పాత పుస్తకానికి గిరాకీ ఉండేది. అది కొనుక్కుంటే సగం చదివినట్టేనని ధైర్యం. నెమలీక దాచుకున్న పేజీ ఒకటుండేది సరేసరి.

ఆ ధైర్యం ఎంతవరకు నిజం? దీని మీద పరిశోధనలు జరిగాయి. జర్మనీలో స్టాబిలో కంపెనీ 1971లో తెచ్చిన మెరుపు రంగు పెన్ను తర్వాత, పేజీలు పచ్చగా మార్చడమే చదవడమన్న భ్రమ పెరిగింది. జాన్ డన్లోస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులని పోల్చి చూసింది. గీతలు గీయడం, రంగు పూయడం తక్కువ ఉపయోగమున్న వాటిలో తేలాయి. తనకి తాను ప్రశ్నలు వేసుకోవడం, రోజుల ఎడంతో తిరిగి చదవడం మీదికొచ్చాయి. 1997లో సిల్వర్స్, క్రైనర్ చేసిన ప్రయోగం మా తరానికి ఇంకా దగ్గరిది. ముందే ఎవరో తప్పుచోట రంగు పూసిన పాఠాన్ని చదివినవాళ్ళు శుభ్రమైన పాఠం చదివినవాళ్ళ కంటే తక్కువ అర్థం చేసుకున్నారు, ఆ గీతలని నమ్మకండని చెప్పినా సరే. పై క్లాసువాడి గీత మన కంటిని తన వెంట లాక్కుపోతుంది. అందుకే నా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: గీత గీయకు, మాట రాయి. ‘ఎందుకు?’ అని రాసినా చాలు. గీత గీయడానికి చెయ్యి చాలు. ప్రశ్న రాయాలంటే వాక్యం అర్థం కావాలి.

పక్కన రాసిన రాత ఎంత బరువు మోయగలదో చూడాలంటే జైలుకి వెళ్ళాలి. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైల్లో సన్నీ వెంకటరత్నం అనే భారత సంతతి ఖైదీ దగ్గర షేక్‌స్పియర్ సమగ్ర రచనల పుస్తకం ఒకటుండేది. కాపలావాళ్ళు తీసేసుకోకుండా దీపావళి శుభాకాంక్షల కార్డుల మీది దేవుళ్ళ బొమ్మలు అట్టకి అంటించి, ఇది మా మతగ్రంథమని చెప్పాడు. ఆ పుస్తకం 1970ల్లో గది నుంచి గదికి తిరిగింది. ముప్పైమందికి పైగా ఖైదీలు తమకి నచ్చిన మాటల పక్కన సంతకాలు పెట్టారు. నెల్సన్ మండేలా 1977 డిసెంబరు 16న ‘జూలియస్ సీజర్’లో, పిరికివాడు చావుకి ముందే ఎన్నోసార్లు చస్తాడని సీజర్ చెప్పే చోట సంతకం చేశాడు. వ్యాఖ్య ఒక్క ముక్క లేదు. పేరూ తేదీ మాత్రమే. ఆ అంచు రాతని మించిన విమర్శ ‘జూలియస్ సీజర్’ మీద నేను చదవలేదు.

అంబేద్కర్ కొలంబియాలో తన గురువు జాన్ డ్యూయీ పుస్తకాలని గీతలు పెట్టి చదివారు. ఆయన స్థాపించిన ముంబై సిద్ధార్థ కాలేజీలో ఆ పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’లో ఆయన గుర్తు పెట్టుకున్న చోట్లని 1936 నాటి ‘కుల నిర్మూలన’ ప్రసంగంతో పోల్చి, ఏ ఆలోచన ఎక్కణ్ణుంచి తీసుకుని దాన్ని ఎలా తనదిగా మార్చుకున్నారో పరిశోధకులు చూపిస్తున్నారు. అచ్చయిన పుస్తకం ఒక మనిషి చివరికి ఏం చెప్పాడో చెబుతుంది. దారిలో ఎక్కడ ఆగాడో చెప్పేది అంచే.

ఈ-పుస్తకాల గురించి కొద్దిగా. కిండిల్‌లో 2010 నుంచి, ఒక వాక్యం కింద ఎంతమంది గీత గీశారో కనిపిస్తోంది. సిల్వర్స్, క్రైనర్ ప్రయోగంలోని ఇబ్బందే ఇక్కడ వేల రెట్లయింది. ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల అంగడి మూసేసినప్పుడు కొన్నవాళ్ళందరికీ డబ్బు వెనక్కిచ్చింది. పుస్తకాల్లో రాసుకున్నవాళ్ళకి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. ఒక మనిషి అంచు రాతలకి ఒక కంపెనీ కట్టిన ధర అది. తాతయ్య ‘మళ్ళీ’కి ఆ లెక్కన ఎంత వస్తుందో నాకు ఆలోచించబుద్ధి కాలేదు.

నా అభిప్రాయం దాచుకోను. సొంత పుస్తకంలో రాయండి, పెన్సిలుతో రాయండి. పెన్సిలు గీత వెనక పేజీకి ఊరదు, ఏళ్ళు గడిచినా వెలిసిపోదు, అవసరమైతే చెరపొచ్చు. బాల్‌పెన్ను సిరా పాకుతుంది, రంగు పెన్ను వెలిసి మచ్చవుతుంది, జిగురు చీటీలు తీసినా జిగురు మిగులుతుంది. గ్రంథాలయం పుస్తకంలో గీత గీయొద్దు. అరువు తెచ్చుకున్నదాంట్లో, ఇచ్చినవాళ్ళు కోల్రిజ్ స్నేహితులైతే తప్ప, వద్దు.

నా బాధ వేరే చోట ఉంది. పండితుడో, రచయితో, ఊళ్ళో మంచి చదువరో పోయినప్పుడు వాళ్ళ పుస్తకాలు ఏమవుతున్నాయి? నేను చూసినంతలో, పిల్లలు అమెరికా నుంచి వచ్చి పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. గ్రంథాలయానికి ఇస్తామంటే, గీతలున్నవి వద్దంటారు. ఆ గీతలే అసలు సరుకని ఎవరూ చెప్పరు. చివరికి తూకానికి పోతాయి. కిలోకి ఇంతని కాటా మీద పడే ఆ పుస్తకాల్లో, యాభై ఏళ్ళు ఒక బుర్ర తెలుగు కావ్యాలతో చేసిన వాదనంతా ఉంటుంది. డార్విన్ రాసిన ప్రతి గీతనీ కేంబ్రిడ్జ్ దాచింది. మన విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటీ ఒక్క అర కేటాయించినా, దాతల పుస్తకాల్లో రాతలున్నవి విడిగా పెట్టి పట్టికలో ఆ సంగతి ఒక్క ముక్క రాసినా, ఎంతో మిగులుతుంది. ఖర్చు కూడా పెద్దది కాదు.

అలా తూకానికి పోబోయి మిగిలినది ఒకటి నా దగ్గరుంది. కోఠీలో పాత పుస్తకాల అంగట్లో కొన్న శబ్దరత్నాకరం. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో అచ్చు వేయించిన నిఘంటువుకి తర్వాతి ముద్రణ. అట్ట లేదు, యజమాని పేరున్న కాగితం చిరిగిపోయింది. కానీ ప్రతి పేజీ అంచునా సన్నటి పెన్సిలు అక్షరాలు. సీతారామాచార్యులు చేర్చని తన ఊరి మాటలని ఆ మనిషి అకారాది క్రమంలో, ఉండవలసిన చోట, హంసపాదు పెట్టి మరీ చేర్చుకుంటూ పోయాడు. తొవ్వ: త్రోవ, బాట. బుగులు: భయం. సోపతి: స్నేహం. ఎన్నేళ్ళు పట్టిందో. మొదట్లో అక్షరాలు నిటారుగా ఉన్నాయి, తర్వాత తర్వాత చెయ్యి వణికింది. ‘స’ దగ్గర ఒక మాట రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి, అర్థం రాయకుండా వదిలేశాడు. ఆ మాట ‘సోయి’.

స్పృహ అని రాయొచ్చు. ధ్యాస అని రాయొచ్చు. ఎరుక అన్నా సరిపోతుందేమో. సోయి తప్పడం, సోయి లేకపోవడం, సోయికి రావడం అన్నీ తలుచుకున్నాను. నెల తర్వాత ఆ రెండు చుక్కల పక్కన పెన్సిలుతో, వీలైనంత చిన్నగా, ‘ఎరుక’ అని రాశాను. సరిగ్గా సరిపోలేదు. చెరపలేదు. దాని కింద ఇంకో మాటకి చోటుంది.